మందుచీటీ రాసే ముందు
(సూర్యాపేటలో జరిగిన స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



ఇక్కడ వైద్యం చేసిన డాక్టరు గారి జ్ఞాపకార్థం జరిపే ఈ ఉపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. ఎంచుకుని చెప్పాక నిర్వాహకులు కాస్త ఇరుకున పడ్డట్టున్నారు. ఆహ్వాన పత్రికలో ‘పురుషుల ఆరోగ్యం’ అని మాత్రం అచ్చు వేయించారు. వాళ్లను తప్పుపట్టను. కానీ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద సూర్యాపేట నుంచి కోదాడ దాకా, అటు మిర్యాలగూడ రోడ్డులోనూ, ఇదే విషయం గోడల మీద కనిపిస్తుంది. ఫలానా లాడ్జిలో, నెలలో ఫలానా ఆదివారం, గుప్త రోగాలకు గ్యారంటీ వైద్యం అని రాసి ఉంటుంది. ఆడపిల్లలు బడికి పోతూ చదివే గోడ మీద ఉన్నదాన్ని పెద్దవాళ్లం ఒక హాల్లో కూర్చుని వినడానికి మొహమాటం దేనికి?

నేను మాట్లాడేది పురుషుల్లో లైంగిక కోరిక తగ్గడం గురించి. అంగస్తంభన లోపం వేరు. ఈ రెంటినీ ఒకే మూటలో కట్టడం దగ్గరే తప్పు మొదలవుతోంది. మనసు ఉండి శరీరం సహకరించకపోవడం ఒకటి, అసలు మనసే పోకపోవడం ఇంకొకటి. సిల్డెనాఫిల్ మాత్రకు అమెరికాలో 1998 మార్చిలో అనుమతి వచ్చింది. 2001 నుంచి మన దేశపు కంపెనీలే చవగ్గా తయారుచేస్తున్నాయి. అది రక్తనాళాల మీద పనిచేస్తుంది. కోరిక పుట్టాక రక్తం నిలవడానికి సాయపడుతుంది తప్ప కోరికను పుట్టించదు. ఆ సంగతి తెలియక మాత్ర వేసుకుని, ఏమీ జరగక, ఇక నా పని అయిపోయిందని కుంగిపోయేవాళ్లను మేం చూస్తూనే ఉంటాం. మాత్ర పనిచేయకపోవడం కాదు, ఆయన జబ్బుకు అది మందే కాదు.

ఎవరిని రోగి అనాలి? అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన ఐదో వర్గీకరణ గ్రంథం రెండు షరతులు పెట్టింది. కోరిక, దానికి సంబంధించిన ఆలోచనలు కనీసం ఆరు నెలలుగా తగ్గిపోయి ఉండాలి. దానివల్ల ఆ మనిషికి బాధ కలగాలి. రెండో షరతు చిన్నదిగా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో అదే ముఖ్యం. నెలకు ఒకసారితో తృప్తిగా ఉన్న మనిషికి వైద్యం అక్కర్లేదు. భార్యకు ఎక్కువ, భర్తకు తక్కువ ఉన్నంత మాత్రాన ఇద్దరిలో ఎవరూ రోగి కారు. కూతురి పెళ్లి అప్పు నెత్తిన ఉన్న ఏడాదిలో, యాసంగి వరి ఎండిపోయిన సంవత్సరంలో మనసు అటు పోకపోతే దాన్ని జబ్బు అనకూడదు.

ఈ విషయంలో మనుషుల ఆశ ఎంత పాతదో ఒక సంగతి చెబుతాను. 1889 జూన్‌లో పారిస్‌లో బ్రౌన్-సెకార్ అనే పెద్ద శరీర శాస్త్రవేత్త, 72 ఏళ్ల వయసులో, సాటి శాస్త్రవేత్తల సభ ముందు నిలబడి ఒక ప్రకటన చేశాడు. కుక్కల, గినీ పందుల వృషణాల రసం తీసి సూదిగా ఎక్కించుకున్నాననీ, పడుచుదనపు బలం తిరిగొచ్చిందనీ అన్నాడు. యూరప్, అమెరికాల్లో ఆ రసానికి గిరాకీ పెరిగింది. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన చెప్పిన పద్ధతిలోనే ఆ రసం తయారుచేసి కొలిచారు. చికిత్సకు కావలసిన హార్మోనులో వేల వంతుల్లో ఒక వంతు కూడా అందులో లేదు. ఆయన అబద్ధమాడాడని నేను అనుకోను. బలం వచ్చినట్టు నిజంగానే అనిపించి ఉంటుంది. నమ్మకంతో వచ్చే ఆ ఊపు కొన్ని వారాలు నిలుస్తుంది. లాడ్జిలో నెలకోసారి దిగే వైద్యుడికి ఆ కొన్ని వారాలే పెట్టుబడి.

అసలు హార్మోను 1935లో దొరికింది. ఆమ్‌స్టర్‌డాంలో లాకర్ బృందం దాన్ని వేరుచేసి టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టింది. అదే ఏడాది బ్యూటెనాంట్, రుజిచ్కా ఎవరికి వారు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1939 రసాయన శాస్త్ర నోబెల్ ఆ ఇద్దరికీ వచ్చింది. అంటే గట్టి సైన్సు వచ్చి తొంభై ఏళ్లవుతోంది. ఈ తొంభై ఏళ్లలో కుక్క రసం పోయింది గానీ దాని తమ్ముళ్లు పోలేదు. కోస్తా ఆంధ్ర జిల్లాల్లో గాడిద మాంసం తింటే మగతనం పెరుగుతుందని కొని తింటున్నారు. ఆహార భద్రత నిబంధనల్లో గాడిద తినదగిన జంతువుల జాబితాలోనే లేదు. ఆ మాంసానికి ఈ గుణం ఉందనడానికి ఆధారమూ లేదు. నష్టపోయింది గాడిద జాతి ఒక్కటే.

ఇక మన ఊళ్లకు వద్దాం. నలుగురైదుగురి కథలు కలిపి ఒక మనిషిని తయారుచేస్తాను. ఎవరినీ గుర్తుపట్టే పని లేదు. నలభై రెండేళ్లవాడు. మిర్యాలగూడలో బాయిల్డ్ రైస్ మిల్లులో రాత్రి షిఫ్టు. బొజ్జ వచ్చింది. షుగరు ఉందని నాలుగేళ్ల కింద చెప్పారు, మాత్ర ఒకరోజు వేసుకుంటే ఒకరోజు మానేస్తాడు. బీపీకి అటెనలాల్. వేళాపాళా లేని తిండితో కడుపు ఉబ్బరం, అందుకు పరగడుపున గ్యాస్ బిళ్ల. నడుము నొప్పికి ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే సూది. సాయంత్రం కల్లు. వచ్చి కూర్చుని, నేల చూపులు చూస్తూ, ‘మునుపటి లెక్క మనసు పుడతలేదు సారు’ అంటాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఏడాది పట్టి ఉంటుంది. ఆ ఏడాదిలో రెండు లాడ్జిలు తిరిగి ఉంటాడు.

ఇలాంటి మనిషి వస్తే డాక్టరు గారు ఏం చేసేవారో ఇక్కడ చాలామందికి గుర్తే. ‘మీరు మింగేవన్నీ సంచిలో వేసుకుని రండి’ అనేవారు. సంచిని బల్ల మీద బోర్లించి ఒక్కో అట్టా చదివేవారు. కొత్త మందు రాయడానికి ముందు పాత మందులు చదవాలన్నది ఆయన వైద్యం. ఈ సమస్యకు అంతకన్నా మంచి మొదటి పరీక్ష నాకు తెలియదు.

పై మనిషి సంచి బోర్లిద్దాం. గ్యాస్ బిళ్ల అని ఆయన అంటున్నది ఒట్టి రాబెప్రజోలో పాంటొప్రజోలో అయితే ఈ విషయంలో పెద్ద పేచీ లేదు. కానీ మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే క్యాప్సూళ్లలో దానికి డోంపెరిడోనో లీవోసల్‌పిరైడో కలిపి ఉంటుంది. ఈ రెండూ పిట్యుటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోనును పెంచుతాయి. బాలింతలో పాలు పడేలా చేసే హార్మోను అది. మగవాడిలో పెరిగితే కోరిక చస్తుంది, టెస్టోస్టెరాన్ పడిపోతుంది. వారం పది రోజులకని రాసిన ఆ క్యాప్సూలును చీటీ లేకుండా ఏళ్లతరబడి కొనుక్కుని మింగేవాళ్లు ఉన్నారు. అది మానిపించడమే కొందరికి చికిత్స మొత్తం. రిస్పెరిడోన్ లాంటి మానసిక వ్యాధుల మందులు కూడా ప్రొలాక్టిన్ పెంచుతాయి. అయితే వాటిని రోగి సొంతంగా మానకూడదు. రాసిన వైద్యుడితో మాట్లాడి మార్పించుకోవాలి.

నడుము నొప్పి సూదిలో ఏముందో ఆయనకు తెలియదు. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ పదే పదే పడితే మెదడులోని హార్మోను కేంద్రాలు మందగిస్తాయి. నొప్పి బిళ్ల ట్రమడాల్ అయితే అది నల్లమందు కుటుంబానిది. 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. నెలల తరబడి వాడితే టెస్టోస్టెరాన్‌ను అణచివేస్తుంది. హార్వెస్టర్లు తోలేవాళ్లు, లారీ డ్రైవర్లు, హమాలీలు నిద్రను, నొప్పిని ఓర్చుకోవడానికి దీన్ని అలవాటు చేసుకోవడం మేం చూస్తున్నాం.

కల్లు సంగతి. చెట్టు నుంచి దించిన కల్లును నేను ఇక్కడ తిట్టబోవడం లేదు. అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు తెలంగాణకు పాత రోగం. నరాలను మొద్దుబార్చే మందులు రోజూ ఒంట్లోకి పోతుంటే మనసు ఎక్కడి నుంచి పుడుతుంది? అయితే ఒక హెచ్చరిక. రోజూ తాగే మనిషి ఈ ఉపన్యాసం విని రేపే బంద్ పెడితే ఫిట్స్ రావచ్చు, పిచ్చిపిచ్చిగా మాట్లాడవచ్చు. ఆసుపత్రి పర్యవేక్షణలో మెల్లగా మాన్పించాల్సిన వ్యవహారం అది.

షుగరు, బొజ్జ, నిద్ర ఈ మూడూ తోడుదొంగలు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని లెక్కగట్టింది. టైప్-2 మధుమేహం ఉన్న మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గడం మామూలు మనుషుల్లో కన్నా బాగా ఎక్కువ. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు మగ హార్మోనును ఆడ హార్మోనుగా మారుస్తుంది. గురక పెట్టి, ఊపిరి ఆగి ఆగి నిద్రపోయేవాడికి హార్మోను తయారయ్యే గాఢ నిద్రే కరువు. బరువు తగ్గితే టెస్టోస్టెరాన్ దానంతట అదే కొంత పెరుగుతుంది. ఈ మాట చెబితే జనం నిరాశగా చూస్తారు. సూది అడిగితే నడవమంటాడేమిటని.

సంచి అయ్యాక రక్త పరీక్ష. ఇక్కడ మన ఊళ్లకే ప్రత్యేకమైన ఒక తప్పు జరుగుతోంది. టెస్టోస్టెరాన్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది. తిన్నాక కూడా తగ్గుతుంది. అందుకే పరగడుపున, ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య రక్తం తీయాలి. మన రోగి మఠంపల్లి నుంచో మునగాల నుంచో బస్సెక్కి, దారిలో ఇడ్లీ తిని, డాక్టరు దగ్గర నంబరు వచ్చి ల్యాబుకు చేరేసరికి పగలు పన్నెండు దాటుతుంది. ఆ రక్తంలో హార్మోను తక్కువ చూపిస్తే అందులో ఆశ్చర్యం ఏముంది? రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడికైతే గడియారం ఇంకా తలకిందులు, నిద్రలేచిన వేళను బట్టి చూడాలి. జ్వరంలో ఉన్నప్పుడు, పెద్ద జబ్బు చేసిన వారంలో అసలు చూడకూడదు. ఒకసారి తక్కువ వస్తే ఇంకోరోజు పొద్దున మళ్లీ చూడాలి. రెండుసార్లూ డెసిలీటరుకు 300 నానోగ్రాములకన్నా తక్కువ ఉండి, లక్షణాలు కూడా ఉంటేనే లోపం అని అమెరికన్ యూరాలజీ సంఘం అంటుంది. అప్పుడు పిట్యుటరీ పంపే ఎల్‌హెచ్ హార్మోను, ప్రొలాక్టిన్, థైరాయిడ్ చూసి లోపం వృషణాల్లో ఉందో, పైన పిట్యుటరీలో ఉందో తేల్చాలి. ప్రొలాక్టిన్ బాగా ఎక్కువగా ఉండి, అందుకు మందులేవీ కారణం కాకపోతే, పిట్యుటరీలో చిన్న గడ్డ ఉండవచ్చు. దానికి చాలావరకు ఆపరేషన్ అక్కర్లేదు. వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే కాబెర్గొలిన్ మాత్రతో గడ్డ కుంచించుకుపోతుంది, కోరికా తిరిగొస్తుంది. ఈ వైద్యంలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించే సందర్భం అది.

నిజమైన హార్మోను లోపం ఎంతమందికి ఉంటుంది? యూరప్‌లో ఎనిమిది నగరాల్లో 40 నుంచి 79 ఏళ్ల మగవాళ్లు 3,369 మందిని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. మూడు రకాల లైంగిక లక్షణాలూ ఉండి, రక్తంలోనూ హార్మోను తక్కువ ఉన్నవారు 2.1 శాతం. నడివయసు దాటిన ప్రతివాడికీ హార్మోను పడిపోతుందని గోడ మీద రాసేవాడికి ఈ అంకె నచ్చదు.

లోపం నిజమని తేలినవాడికి టెస్టోస్టెరాన్ మంచి మందు. ఆ మాట గట్టిగానే చెబుతాను, ఎందుకంటే భయపడి మందు ఇవ్వకపోవడం కూడా అన్యాయమే. చర్మం మీద రోజూ రాసుకునే జెల్ ఉంది. రాసుకున్న చోట భార్యకో పసిపిల్లలకో తగలకుండా చూసుకోవాలి. రెండు మూడు వారాలకోసారి వేసే సూదులు చవక, కానీ వేసిన కొత్తలో పొంగు, తర్వాత దిగజారుడు. 1000 మిల్లీగ్రాముల అన్‌డెకనోయేట్ సూది మొదటిది వేశాక ఆరు వారాలకు రెండోది, ఆపైన 10 నుంచి 14 వారాలకోసారి. కోరికలో మార్పు రావాల్సి ఉంటే మొదటి కొన్ని వారాల్లోనే తెలుస్తుంది. ఆరు నెలలకూ తేడా లేకపోతే ఆపేసి కారణం వేరే చోట వెతకాలి. అమెరికాలో 65 ఏళ్లు దాటి, హార్మోను తక్కువున్న 790 మందిపై ఏడాదిపాటు జరిపిన పరీక్షల ఫలితాలు 2016లో వచ్చాయి. కోరిక పెరిగింది. అయితే ఓ మోస్తరుగా పెరిగింది, ఏడాది చివరికి ఆ ఊపు కొంత తగ్గింది. గుండె భయం మీద 2023లో 5,246 మందితో చేసిన పెద్ద అధ్యయనం వచ్చింది. గుండెపోటు, పక్షవాతం లాంటివి ఉత్తుత్తి మందు వాడినవారికన్నా ఎక్కువ కాలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, మూత్రపిండాలు దెబ్బతినడం కొంచెం ఎక్కువగా కనిపించాయి. ప్రొస్టేట్ క్యాన్సరు ఉన్నవారికి, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారికి ఇవ్వం. రక్తం చిక్కబడుతుంది కాబట్టి ఎర్రకణాల శాతం చెప్పే హెమటోక్రిట్ పరీక్ష చూస్తూ, అది 54 శాతం దాటితే ఆపేస్తాం. సూది వేసి పంపించి రక్తం చూడకపోవడం సగం వైద్యం.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న మాట. పిల్లలు కావాలనుకునే మగవాడికి టెస్టోస్టెరాన్ ఇవ్వకూడదు. పెళ్లయి రెండేళ్లు, పిల్లలు లేరు, కోరికా తగ్గింది అని వచ్చిన ముప్పై ఏళ్ల కుర్రవాడికి బలం సూది అని చెప్పి దీన్నే వేసేస్తున్నారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలితే రైతు బోరు బంద్ పెట్టినట్టు, బయటి నుంచి హార్మోను వస్తే పిట్యుటరీ తన ఉత్తర్వులు ఆపేస్తుంది. వృషణాలు పని మానేస్తాయి, వీర్యకణాలు అడుగంటుతాయి. ఇది ఊహ కాదు. ఈ గుణాన్నే వాడుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ మగవాళ్లకు గర్భనిరోధక సూది తయారుచేయాలని చూసింది. ఏడు దేశాల్లో 271 మందికి వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ వేసి, 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించింది. ఆరు నెలల్లో 157 మంది వీర్యంలో కణాలు పూర్తిగా మాయమయ్యాయి. పిల్లల కోసం వచ్చినవాడికి మనం వేస్తున్నది ఆ సూది! ఆపేశాక కణాలు మళ్లీ రావడానికి చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, కొందరికి రెండేళ్లు. ఆ రెండేళ్లూ ఇంట్లో మాటలు పడేది కోడలు. ఆమెకు స్కానింగుల మీద స్కానింగులు, ఆయనకు ఒక్క వీర్య పరీక్ష లేదు. జిమ్ముల్లో కండల కోసం స్టెరాయిడ్లు వేయించుకునే కుర్రవాళ్లదీ ఇదే దారి, మానేసిన నెలల్లో కోరిక పాతాళానికి పోతుంది. పిల్లలు కావాలనుకునేవారి కోసం సొంత హార్మోనును మేల్కొలిపే క్లోమిఫిన్, హెచ్‌సీజీ ఉన్నాయి. అవి కూడా తెలిసిన చేతిలోనే.

హార్మోనులన్నీ సరిగ్గా ఉన్నా కోరిక లేనివారి సంగతి ఏమిటి? మా దగ్గరికి వచ్చేవారిలో వీళ్లే ఎక్కువ. ఇక్కడ వైద్యశాస్త్రం చేతిలో మాత్ర లేదు. ఆడవాళ్ల కోసం అమెరికాలో 2015లో ఒకటి, 2019లో ఒకటి, రెండు మందులకు అనుమతి ఇచ్చారు, వాటి ప్రయోజనమూ కొద్దిపాటిదే. మగవాళ్ల కోరిక కోసమంటూ అలాంటి అనుమతి పొందిన మందు అక్కడా లేదు. లండన్‌లో ఇంపీరియల్ కాలేజీవారు కిస్‌పెప్టిన్ అనే హార్మోనును 32 మందికి రక్తనాళంలోకి ఎక్కించి, మెదడులో కోరికకు సంబంధించిన భాగాలు చురుకవడం చూశారు, 2023లో. ఆశ పెట్టుకోదగ్గదే గానీ మందుల షాపుకు ఇంకా చాలా దూరం.

వీరిలో కుంగుబాటు ఉన్నవారిని ముందు పట్టుకోవాలి. నిద్ర లేదు, ఆకలి లేదు, దేనిమీదా ఆసక్తి లేదు అన్నవాడిలో కోరిక ఒక్కటే ఎందుకు మిగులుతుంది? చికిత్సలో ఒక చిక్కు ఉంది. ఎస్సిటాలొప్రాం లాంటి కుంగుబాటు మందులు కూడా కోరికను తగ్గిస్తాయి. అప్పుడు మోతాదు తగ్గించడమో, బ్యుప్రోపియాన్, మిర్టాజపిన్ లాంటివాటికి మారడమో చేస్తాం. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, మానసిక వైద్యుడి కోసం హైదరాబాదు బస్సు ఎక్కే అవసరం తగ్గింది. గడప దాటి రావడానికి జంకేవారికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంకొందరికి వీర్యం పోతే బలం పోతుందన్న భయం. 1960లో డాక్టర్ నరేంద్రనాథ్ విగ్ దీనికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. చిన్నప్పటి అలవాటు వల్లే ఇలా అయ్యానని పెళ్లి కుదరగానే వణికిపోయే కుర్రవాడికి మందు అక్కర్లేదు, అరగంట మాట కావాలి. విజయవాడ డాక్టర్ సమరం గారు పుస్తకాల్లోనూ పత్రికల శీర్షికల్లోనూ దశాబ్దాలపాటు ఆ అరగంట మాటనే చెబుతూ వచ్చారు. ఆయన శీర్షికను పెద్దలు దాచిపెట్టినా పిల్లలు వెతుక్కుని చదివిన ఇళ్లు నాకు తెలుసు. తెలుగులో ఈ పని ఆయన చేసినంతగా ఇంకెవరూ చేయలేదని నా అభిప్రాయం.

దంపతులు కలిసి రావడం కూడా వైద్యమే. అమెరికా పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ వాడతాం. కొన్ని వారాలపాటు కలయిక వద్దని మేమే నిషేధం పెట్టి, ఒకరికొకరు దగ్గరగా ఉండటం మాత్రమే నేర్పిస్తాం. పరీక్షలో తప్పుతానేమోనన్న భయం తీసేస్తే మనసు తిరిగొస్తుంది. దీనికి ఏకాంతం కావాలి. రెండు గదుల ఇంట్లో అత్తామామలు, పిల్లలు, తలుపు లేని పడకగది. ఒక జంటకు నేను చీటీ మీద తలుపు అని రాసి ఇచ్చాను. నవ్వారు గానీ పెట్టించుకున్నారు.

చివరిగా మూలికల పేరుతో అమ్మేవాటి గురించి ఒక హెచ్చరిక. అశ్వగంధ మీద చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి, కొంత మేలు చూపాయి కూడా. కాలేయం దెబ్బతిన్న కేసులూ ప్రచురితమయ్యాయి. అసలు భయం అది కాదు. పూర్తిగా మూలికలే అని రాసిన పొట్లాల్లో సిల్డెనాఫిల్ పొడి కలిపి దొరికిన ఉదంతాలు దేశదేశాల్లో బయటపడ్డాయి. గుండె జబ్బుకు నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునే మనిషి తెలియక అది మింగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వడమే నేరమని 1954 నాటి చట్టం చెబుతోంది. మొదటి తప్పుకు ఆరు నెలల దాకా జైలు. చట్టం డెబ్భై ఏళ్లది, గోడ మీద రంగు ఈ సంవత్సరానిది.

ప్రశ్నలు ఉంటాయని తెలుసు, లేచి అడగరనీ తెలుసు. ద్వారం దగ్గర చీటీలు, పెన్నులు, ఒక పెట్టె పెట్టించాం. పేరు రాయనక్కర్లేదు, ఊరూ రాయొద్దు. వయసు, షుగరు బీపీ ఉన్నాయో లేవో, పిల్లలు కావాలనుకుంటున్నారో లేదో, ఏయే మందులు వాడుతున్నారో రాయండి, గ్యాస్ బిళ్లతో సహా. టీ తాగాక గంటసేపు ఇక్కడే కూర్చుని చీటీలు చదివి జవాబు చెబుతాను.